ముసలి ఎద్దు ధర



పశువుల సంత అనగానే చాలామందికి నిగనిగలాడే కోడెగిత్తలు, పొదుగు నిండిన పాడిగేదెలు గుర్తొస్తాయి. ఈరోజు నేను మాట్లాడేది వాటి గురించి కాదు. పళ్ళు అరిగి, మెడ కాయ కాసి, ఇక నాగలి లాగలేని ముసలి ఎద్దు గురించి. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో చిన్న రైతు వచ్చే ఏరువాకకి దుక్కి ఎలా సాగించాలన్నది చాలావరకు ఆ ముసలి ఎద్దు ఎంతకి అమ్ముడుపోయిందన్న దాని మీదే తేలుతుంది. సరిహద్దుకి అవతల గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల రైతుదీ అదే పరిస్థితి.

లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఊహించినవే, లెక్క నడిచే తీరు మాత్రం నిజం. కొత్త ఎద్దు 40 వేలు అనుకోండి. పాతది 15 వేలు పలికితే రైతు చేతి నుంచి వేసుకోవలసింది 25 వేలు. పాతది 5 వేలకే పోతే 35 వేలు. ఆ తేడా 10 వేలు రైతు మొలలో ఉండవు. వడ్డీకి తెస్తాడు. లేదా ఎద్దు కొనడం మానేసి ట్రాక్టరుకి గంటల చొప్పున కడతాడు. ట్రాక్టరు ఎక్కని కొండవాలు చెక్క ఉన్నవాడికి ఆ దారి కూడా లేదు. పాతది అమ్మడం, పైన కొంత వేసి కొత్తది తెచ్చుకోవడం, దాన్ని కొన్నేళ్ళు దున్నించుకుని మళ్ళీ అమ్మడం. మన వైపు పశుపోషణ తరతరాలుగా ఇలాగే నడుస్తోంది. రైతు పెట్టుబడి బ్యాంకులో లేదు, సాలలో కట్టేసి ఉంది.

ఆ 10 వేలు ఎవరి చేతిలోకి పోతున్నాయన్నదే ఈ ప్రసంగం.

మన సంతలు మీకు తెలియనివి కావు. కోటబొమ్మాళి మండలంలో నారాయణవలస, లావేరు మండలంలో బుడుమూరు, దత్తిరాజేరు మండలంలో మానాపురం, జామి మండలంలో అలమండ. కొండల మీద నుంచి దిగిన పశువు ముందు చిన్న సంతకి వస్తుంది. అక్కడ మారుబేరగాడు కొని పెద్ద సంతకి తోలుతాడు. పెద్ద సంతలో దూరపు వ్యాపారి కొంటాడు. వాటిలో పనికొచ్చేవి మళ్ళీ రైతుల ఇళ్ళకే చేరతాయి, పనికిరానివి దక్షిణాదికో, హైదరాబాదు వైపుకో పోతాయి. ఒకే రోజున ఒకే చింతచెట్టు కింద ఈ రెండు రకాల బేరాలూ సాగుతాయి. కొనేవాడు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళా, నాలుగా, ఆరా, కడపళ్ళా అని. సుడి చూస్తాడు, గిట్ట చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. ఆ తరవాత తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ధర ఆ రెండు చేతులకే తెలుస్తుంది. కుదిరితే సంత ఆశీలు కట్టి పలుపు చేతికి తీసుకుంటారు.

ఈ బేరంలో ఒడియా, తెలుగు, సవర భాషలు కలిసిపోతాయి. పశువులూ అంతే. కోరాపుట్ కొండల్లో మంద అనే గేదె జాతి ఉంది. చిన్న ఒడ్డూ పొడుగూ, గట్టి గిట్ట, రోగాలను తట్టుకునే ఒళ్ళు. ఆడగేదెని కూడా నాగలికి కట్టి దున్నుతారు. జాతీయ పశు జన్యువనరుల సంస్థ దాన్ని దేశంలో 19వ గేదె జాతిగా గుర్తించింది. కాగితాల మీద అది ఒడిశా జాతి. కానీ తూర్పు కనుమలు సరిహద్దులోని పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర ఆగిపోవు కదా! గేదె ఏ రాష్ట్రపు గడ్డి మేస్తోందో దానికి తెలియదు.

అసలు ఈ సరిహద్దు గీత పాతదేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ గంజాం జిల్లాలోనివే. పర్లాకిమిడి జమీందారీని కూడా ఆ గీత రెండుగా చీల్చింది. పర్లాకిమిడి పట్నం ఒరిస్సాకి పోయింది, జమీలో కొంత భాగం మద్రాసు రాజధానిలో మిగిలింది. ఇవతల మిగిలిన తాలూకాలు విశాఖ జిల్లాలో కలిసి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. పాతపట్నంలో ఉన్నవాడికి పక్కనున్న పట్నం పర్లాకిమిడే. పెళ్ళి సంబంధాలు, బంగారం కొట్లు, ఆసుపత్రులు ఇప్పటికీ గీతను లెక్కచెయ్యవు. సాలూరు కొండల మీద కొటియా గ్రామాల సంగతి మీరు వింటూనే ఉంటారు. ఆ 21 ఊళ్ళ మీద రెండు రాష్ట్రాల తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో మనవాళ్ళు అక్కడ మూడు ఊళ్ళకి పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టు ధిక్కారం కేసు వేసింది. అక్కడివాళ్ళ దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. కార్డులు రెండున్నా ఫరవాలేదు. ఎద్దుని ఏ రాష్ట్రపు ఎద్దని రాయాలన్నప్పుడే చిక్కొస్తుంది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక సరిహద్దుల్లో వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. జీడిపప్పు, సిమెంటు, చీరలు కంప్యూటర్ బిల్లు చూపించి దాటిపోతున్నాయి. బతికున్న ఆవు, ఎద్దు, గేదె మీద జీఎస్టీ సున్నా. మన రాజ్యాంగం 301వ అధికరణం దేశమంతటా వర్తక వాణిజ్యాలు స్వేచ్ఛగా సాగాలంటుంది. అంటే కాగితం మీద ఎద్దుకున్నంత స్వేచ్ఛ సిమెంటు బస్తాకి కూడా లేదు. రోడ్డు మీద కథ వేరు.

కోల్‌కతా నుంచి చెన్నై వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి నాలుగు రాష్ట్రాలను కలుపుతుంది. పశువధ గురించి ఆ నాలుగు రాష్ట్రాలవీ నాలుగు చట్టాలు. బెంగాల్‌ది 1950 నాటిది, తమిళనాడుది 1958, ఒడిశాది 1960, మన ఆంధ్రప్రదేశ్‌ది 1977. ఒక చోట 14 ఏళ్ళు దాటిన ఎద్దుకి అనుమతి ఉంటుంది, ఇంకో చోట 10 ఏళ్ళంటారు. మన చట్టంలో ఆవునీ దూడనీ వధించకూడదు, ఎద్దు సంగతి పశువైద్యుడు ఇచ్చే పత్రం మీద ఆధారపడుతుంది. పడమటికి పోతే కేరళలో ఆవు వధని నిషేధించే రాష్ట్ర చట్టమే లేదు. ఇన్ని రకాల చట్టాల మధ్య ఒక ఎద్దు రోడ్డెక్కితే, అది దుక్కికి పోతోందా, కబేళాకి పోతోందా అన్నది ఎద్దు మొహం చూసి ఎవరూ చెప్పలేరు. చెప్పలేరు కనుక ఆపుతారు. దుక్కి కోసం ఒడిశాలో ఎద్దుని కొని మన ఊరికి తెచ్చుకోవడం ఏ రాష్ట్రంలోనూ నేరం కాదు. అయినా తెచ్చుకునేవాడు అడుగడుగునా తాను దొంగని కానని రుజువు చేసుకుంటూ రావాలి.

అలాంటి సమయంలో 2017 మే 23న కేంద్రం పశువుల సంతలకు కొత్త నియమాలు ప్రకటించింది. సంతలో పశువుల్ని వధ కోసం అమ్మకూడదన్న మాట దేశమంతా మారుమోగింది, పత్రికలన్నీ దాని మీదే రాశాయి. మన జిల్లాలకి అంతకన్నా పెద్ద మాట ఇంకొకటి ఆ నియమాల్లోనే ఉంది. దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. రాష్ట్ర సరిహద్దుకి 25 కిలోమీటర్ల లోపల పశువుల సంత ఉండకూడదు అన్నారు. మ్యాపు తీసి ఒడిశా అంచు నుంచి 25 కిలోమీటర్లు కొలిచి చూడండి. ఇచ్ఛాపురం, కవిటి, మందస, మెళియాపుట్టి, పాతపట్నం, హిరమండలం, కొత్తూరు, భామిని, కురుపాం, కొమరాడ... సముద్రానికీ కొండకీ మధ్య సన్నగా సాగిన జిల్లా మనది. ఆ నియమం అమలైతే ఉద్దానం వైపూ మన్యం వైపూ రైతుకి దగ్గర్లో పశువుల సంతే ఉండేది కాదు. ఢిల్లీలో ఆ వాక్యం రాసినవాళ్ళు బహుశా రాజస్థాన్ లాంటి విశాలమైన రాష్ట్రాన్ని మనసులో పెట్టుకుని ఉంటారు. శ్రీకాకుళం మ్యాపు వాళ్ళ బల్ల మీద లేదు.

అదే నియమాల్లో ఇంకా ఉన్నాయి. కొన్నవాడు ఆరు నెలల దాకా మళ్ళీ అమ్మకూడదు. అమ్మకం కాగితం ఐదు ప్రతులు రాయాలి. రాష్ట్రం బయటివాడికి అమ్మాలంటే రాష్ట్ర చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఆరు నెలలు అమ్మకూడదన్న షరతు చూస్తే రాసినవాళ్ళకి సేద్యంతో పరిచయం లేదని తెలిసిపోతుంది. ఏరువాకకి కొన్న ఎద్దు నాట్లు కాగానే కాలు విరుచుకుంటే రైతు ఏంచేయాలి? మార్గశిరం దాకా మేపుతూ కూర్చోవాలా?

మే 30న మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఆ నియమాలను నిలిపేసింది. హైదరాబాదు నుంచి కూడా సుప్రీంకోర్టుకి సవాలు వెళ్ళింది. జులై 11న సుప్రీంకోర్టు ఆ నిలుపుదలను దేశమంతటికీ వర్తింపజేసింది. 2018 మార్చిలో కేంద్రం మరో ముసాయిదా తెచ్చింది. ఆ గొడవ అక్కడితో సద్దుమణిగిందని చాలామంది అనుకున్నారు. సద్దుమణగలేదు. కోర్టు ఆపింది నియమాలను. భయాన్ని ఆపే అధికారం ఏ కోర్టుకీ లేదు. ఆ వేసవిలో సంతకి పశువుని తోలడానికి జంకినవాడు ఆ జంకు ఇప్పటికీ పూర్తిగా వదులుకోలేదు.

ఇక పాత నియమాలు. ఇవి అమల్లో ఉన్నాయి, వీటి వెనకున్న ఉద్దేశం కూడా మంచిదే. 1978 నాటి రవాణా నియమాల ప్రకారం మామూలు లారీలో ఆరుకి మించి పెద్ద పశువులు ఎక్కించకూడదు. ప్రయాణానికి తగినట్టుందని పశువైద్యుడి పత్రం ఉండాలి. వెంట మనిషి ఉండాలి. 2015లో మోటారు వాహనాల నియమాలు సవరించి ఒక్కో ఆవుకి, గేదెకి 2 చదరపు మీటర్ల చోటు ఉండాలన్నారు. కాలినడకన తోలేవాళ్ళకి 2001 నియమాలున్నాయి. ఆవులనూ ఎద్దులనూ రోజుకి 30 కిలోమీటర్లకు, 8 గంటలకు మించి నడిపించకూడదు. పొద్దు పొడవక ముందు, పొద్దు కుంకాక తోలకూడదు. ఎండ 30 డిగ్రీలు దాటకూడదు. ఈ చివరి షరతు వింటే మన వైపు రైతు నవ్వుకుంటాడు. ఎద్దుల కొనుగోళ్ళు జోరందుకునేది ఏరువాక ముందు. అప్పుడు మనకి పొద్దున్న తొమ్మిది గంటలకే 30 దాటుతుంది. రాత్రి తోలితే నేరం, పగలు తోలితే నేరం. నియమం పశువు మీద దయతోనే రాశారు. కానీ పాటించడానికి వీల్లేని నియమం పశువుని కాపాడదు. దారిలో ఆపేవాడి చేతికి అధికారం ఇస్తుంది, అంతే.

పట్టుకున్నాక ఏమవుతుంది? అసలు కథ ఇక్కడుంది, కొంచెం శ్రద్ధగా వినండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద మొదటి తప్పుకి జరిమానా ఎంతో తెలుసా? కనీసం 10 రూపాయలు, గరిష్ఠం 50 రూపాయలు. అవును, యాభయ్యే. కానీ కేసు తేలేదాకా పశువులు గోశాలలో ఉంటాయి. వాటి మేత ఖర్చు యజమాని మీద వేయొచ్చని 2017లోనే వచ్చిన ఇంకో నియమావళి చెప్పింది. కేసు రెండేళ్ళు నడిస్తే మేత బిల్లు పశువు ధరని దాటుతుంది. కేసు గెలిచినవాడికి కూడా చేతికొచ్చేది ఏమీ ఉండదు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి బాబ్డే నేతృత్వంలోని ధర్మాసనం ఈ నియమావళి మీదే కేంద్రాన్ని గట్టిగా నిలదీసింది. నేరం రుజువు కాకముందే బతుకుతెరువైన పశువుని లాక్కోవడం అసలు చట్టానికే విరుద్ధం, నియమాలు మారుస్తారా, మమ్మల్ని ఆపమంటారా అని అడిగింది. 50 రూపాయల నేరానికి 50 వేల రూపాయల పశువు పోవడం ఏ న్యాయశాస్త్రానికీ అందని సంగతి.

ఇప్పుడు మళ్ళీ మన 10 వేల లెక్కకి వద్దాం. వ్యాపారి ఈ ప్రమాదమంతా తన జేబులోంచి భరిస్తాడా? భరించడు. ఏ వ్యాపారీ భరించడు. పది లారీల్లో ఒకటి పట్టుబడుతుందని లెక్కేసి ఆ నష్టాన్ని మిగతా తొమ్మిది లారీల పశువుల మీదా ముందే పంచేస్తాడు. పత్రాల ఖర్చు, తక్కువ పశువులతో లారీ కిరాయి, దారిలో చేతులు తడిపే ఖర్చు, లాయరు ఖర్చు అన్నీ సంతలో కొనే ధరలోంచే కోసుకుంటాడు. “ఏటి బావ్, కిందటేడు ఇలాటి గొడ్డుకే అంతిచ్చావు, ఇప్పుడేటి ఇలగడుగుతన్నావు?” అని రైతు అడిగితే, “గొడ్డు ధర తగ్గనేదు మావా, దారి ధర పెరిగింది” అంటాడు బేరగాడు. ఆ దారి ధర కట్టేది రైతు. చట్టం రోడ్డు మీద లారీని ఆపుతుంది, దెబ్బ మాత్రం సాలలో తగులుతుంది.

ఇంకో మలుపుంది. ఆరు పశువులతో, పత్రాలతో, పగటిపూట వెళ్ళే వ్యాపారికి తలకి పడే ఖర్చు ఎక్కువ. కంటైనరు లారీలో నలభై పశువుల్ని కాళ్ళు కట్టి కుక్కి, అర్ధరాత్రి దాటించేవాడికి తలకి పడే ఖర్చు తక్కువ. ఇద్దరూ సంతలో పక్కపక్కనే నిలబడి పాడుకుంటే ఎవరు ఎక్కువ ధర ఇవ్వగలరు? రెండోవాడే. కొన్నాళ్ళకి మొదటివాడు వ్యాపారం మానుకుంటాడు. కొనేవాళ్ళు తగ్గాక మిగిలినవాడు ఎంతంటే అంతే. పాటించలేని నియమాలు నిజాయితీ ఉన్న బేరగాణ్ణి సంతలోంచి తరిమి, దొంగకి గుత్తాధిపత్యం కట్టబెట్టాయి. ఇది నా తీర్పు. ఒప్పుకోనివాళ్ళు ఏదైనా పెద్ద సంతకి పోయి, పత్రాలతో పశువుని తోలుకెళ్ళేవాళ్ళు ఎంతమంది మిగిలారో వెతికి చూడండి.

దొంగ రవాణా లేదని నేననడం లేదు. ఉంది, దారుణంగా ఉంది. ఇచ్ఛాపురం నుంచి కిందికి మన జాతీయ రహదారి మీద పోలీసులు తెరిచిన లారీల్లో ఊపిరాడక చచ్చిన పశువుల్ని చూసినవాళ్ళు ఆ దృశ్యాన్ని మరిచిపోరు. కళ్ళు తెరిచి ఉండటానికి కళ్ళల్లో కారం కొట్టినవి, మోకాళ్ళు చీరుకుపోయినవి. అలా తోలినవాణ్ణి వదలమని ఏ రైతూ అడగడు. దున్నించుకుని అన్నం తిన్న పశువుకి ఆ గతి పడితే అమ్మినవాడి కడుపే ముందు తరుక్కుపోతుంది. పట్టుకోండి, శిక్షించండి. 50 రూపాయలు కాదు, ఒళ్ళు మండేలా వేయండి. కానీ నలభై పశువుల కంటైనరునీ, పలుపు పట్టుకుని జోడెద్దుల్ని ఇంటికి తోలుకుపోయే రైతునీ ఒకే గాటన కడితే అది న్యాయం కాదు.

పోలీసులతో పాటు ఎవరంతట వారే పోలీసులైనవాళ్ళు కూడా రోడ్డు మీద ఉన్నారు. 2025 జూన్‌లో మన పక్కనే, గంజాం జిల్లా ధరాకోట్ బ్లాకులో, ఆవునీ రెండు దూడల్నీ కొని ఇంటికి తీసుకెళుతున్న ఇద్దరు దళితుల్ని ఒక గుంపు ఆపింది. ఇంట్లో పెళ్ళికి ఇవ్వడానికి కొన్న పశువులవి. డబ్బు అడిగారు, కొట్టారు, సగం గుండు గొరిగారు, మోకాళ్ళ మీద నడిపించి గడ్డి తినిపించారు. ఇచ్ఛాపురం దాటితే ఆ జిల్లాలోకి అడుగుపెట్టినట్టే. సరిహద్దుకి రెండు వైపులా సంతకి పోయే ప్రతి రైతుకీ ఆ వార్త చేరింది. ఆ తరవాత సంతకి పశువుని తోలుకుపోయేవాడు ఎంత ధైర్యంగా బేరమాడగలడో మీరే ఊహించండి. చీకటి పడకముందు ఇల్లు చేరాలన్న తొందరలో ఉన్నవాడు అడిగిన ధరకి ఇచ్చేస్తాడు.

సరిహద్దులో అసలు ఎవరూ ఆపకూడదా అంటే, ఆపాలి. రోగం సంతల మీదుగానే నడుస్తుంది. ఒళ్ళంతా గడ్డలు లేచే లంపీ చర్మరోగం మన దేశంలో మొదట బయటపడింది 2019లో, ఒడిశాలోనే. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో అది ఎంత పశుసంపదను పొట్టనపెట్టుకుందో చూశాం. గాలికుంటు సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి సరిహద్దులో చెక్‌పోస్టు ఉండటం తప్పు కాదు. ఆ చెక్‌పోస్టు ఏంచేస్తోందన్నదే ప్రశ్న.

దీనికి మన దేశంలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. ముసర రోగం, అంటే రిండర్‌పెస్ట్, ఒకప్పుడు ఊళ్ళకి ఊళ్ళు సాలల్ని ఖాళీ చేసేది. 1954లో దేశవ్యాప్తంగా దాని నిర్మూలన మొదలుపెట్టినప్పుడు రాష్ట్రాల సరిహద్దుల్లో పశువుల చెక్‌పోస్టులు పెట్టారు. అక్కడ ఆగిన పశువుకి టీకా వేసి, గుర్తు వేసి పంపేవారు. చివరికి 2011లో ప్రపంచమంతటా ఆ రోగం అంతరించిందని ప్రకటించారు. మనుషులు పనిగట్టుకుని నిర్మూలించిన రోగాలు రెండే, మశూచి ఒకటి, ఇది రెండోది. ఆ చెక్‌పోస్టు దగ్గర ఆగిన పశువు ఆగకముందు కన్నా ఎక్కువ విలువతో బయటికొచ్చేది. ఇప్పుడు ఆగిన పశువు విలువ పోగొట్టుకుంటోంది.

సరిహద్దు మూసుకుంటే ముందు పడిపోయేది ముసలి పశువు ధరే అన్నది మన ఒక్కచోటి అనుభవం కాదు. 2003 మే 20న కెనడాలోని అల్బర్టాలో ఒక్క ఆవుకి పిచ్చి ఆవు రోగం ఉందని ప్రకటించగానే అమెరికా గేటు వేసేసింది. 2005 జులైలో మళ్ళీ తెరిచినా, 30 నెలల లోపు వయసున్న పశువులకే. అంతకన్నా పెద్దవి దాటడానికి 2007 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నాలుగేళ్ళూ వట్టిపోయిన ఆవుల ధర అక్కడ నేలకంటింది. మొన్న మొన్న, మాంసం తినే పురుగు సోకుతోందని 2024 నవంబరు నుంచి అమెరికా మెక్సికో దూడల్ని ఆపడం, తెరవడం, మళ్ళీ 2025 మేలో మూసేయడం చూశాం. తేడా ఒకటుంది. కెనడా రైతుకి ప్రభుత్వం నష్టపరిహారం పథకాలు పెట్టింది. మన కొత్తూరు రైతుకి నష్టం జరిగిందని కూడా ఎక్కడా నమోదు కాదు.

ముసలి ఎద్దు ధర పడిపోయిన ఫలితం మెల్లగా పశుగణనలో కనబడుతోంది. 2019 గణన ప్రకారం దేశంలో ఆవులు 14.5 కోట్లు. 2012తో పోలిస్తే 18 శాతం పెరిగాయి. ఎద్దులు, కోడెలు కలిపి 4.74 కోట్లు. 30 శాతం తగ్గాయి. ట్రాక్టర్లు రావడం పెద్ద కారణం, కాదనను. కానీ ముసలితనంలో అమ్ముడుపోని పశువుని చిన్నప్పుడు ఎవరు పెంచుతారు? మగదూడ పుడితే తల్లిపాలు సగం తాగనిచ్చి వదిలేసే ఇళ్ళు ఎక్కువవుతున్నాయి. మన వైపు కోడెదూడని సింహాద్రి అప్పన్నకి మొక్కుకోవడం పాత ఆచారం, భక్తితో చేసేది. ఇప్పుడు సమర్పించే కోడెలన్నిటి వెనకా భక్తే ఉందా, లేక మేపలేనితనం ఉందా అన్నది దేవుడికే తెలియాలి.

పరిష్కారం కొత్త చట్టంలో లేదు. రోడ్డు మీద చేస్తున్న తనిఖీని సంతకి మార్చడంలో ఉంది. ఇప్పుడు పశువులన్నిటికీ చెవికి పసుపుపచ్చ బిళ్ళ వేస్తున్నారు. దాని మీద 12 అంకెల నంబరు ఉంటుంది. టీకాలు, యజమాని పేరు ఆ నంబరు మీద కంప్యూటర్లో ఎక్కుతాయి. ఆంధ్రాలో వేసినా, ఒడిశాలో వేసినా అదే వరస. సంతలో బేరం కుదరగానే ఆ నంబరు మీద యజమాని పేరు మార్చి, పశువైద్యుడు అక్కడే చూసి ప్రయాణ పత్రం ఇస్తే, ఆ పత్రాన్ని రెండు రాష్ట్రాల పోలీసులూ గౌరవించేలా కలెక్టర్లు ఒప్పందం చేసుకుంటే, రైతు దర్జాగా ఇంటికి తోలుకుపోతాడు. పత్రం లేకుండా అర్ధరాత్రి కనబడ్డ కంటైనరు ఎవరిదో అప్పుడు వెతుక్కోనక్కరలేదు. సంత ఆశీలు వేలం వేసి డబ్బు తీసుకునే పంచాయతీ నీళ్ళతొట్టి, నీడ కూడా పెట్టని సంతలు ఎన్నో ఉన్నాయి. ఆ డబ్బులో కొంత ఒక వైద్యుడికీ, ఒక కంప్యూటరుకీ పెడితే పని జరుగుతుంది.

అప్పటిదాకా సంతకి వెళ్ళే రైతు సోదరులకి, అక్కచెల్లెళ్ళకి నాలుగు మాటలు. చెవి బిళ్ళ లేని పశువుని కొనకండి. ఆశీలు రసీదు మీద పశువు రంగు, బిళ్ళ నంబరు, అమ్మినవాడి ఊరు రాయించుకోండి. సరిహద్దు దాటించేటప్పుడు పశువైద్యుడి పత్రం వెంట ఉంచుకోండి. ఫోనులో దాని ఫొటో తీసి పెట్టుకోండి. ఎవరైనా పశువుని స్వాధీనం చేసుకుంటే గొడవపడకండి, రాతపూర్వకంగా రసీదు అడగండి. కేసు తేలేదాకా పశువుని మీ దగ్గరే ఉంచమని మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టే హక్కు మీకుంది. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 497వ సెక్షను. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100 నంబరుకి ఫోన్ చేయండి. న్యాయసేవా సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది.

రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖల అధికారులకి నా మనవి ఒక్కటే. వచ్చే ఏరువాకకి ముందు నారాయణవలసలోనూ, మానాపురంలోనూ, సరిహద్దుకి అవతల మీకు తోచిన రెండు సంతల్లోనూ పశువైద్యుణ్ణి కూర్చోబెట్టండి. సంత జరిగే రోజున, సంత జరిగినంత సేపూ.